రేపల్లె కాలవ గట్టు మీద పరుగు

తెనాలి డాక్టరమ్మ నన్ను బరువు తూచే మిషను ఎక్కించి, ముల్లు ఊగడం ఆగేదాకా వంగి చూసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. పక్కన మా అమ్మ ఉంది. డాక్టరమ్మ కలం తీసేలోపే అమ్మ మాట కలిపింది.

"ఏముందండీ, బాలింత ఒళ్ళు. అదే తగ్గిపోద్ది."

"బిడ్డకి ఎన్నో నెల?" అని అడిగింది డాక్టరమ్మ.

"రెండో తరగతి చదువుతోందండి," అన్నాను నేను.

ఆవిడ నవ్వలేదు. నా మోకాళ్ళు రెండూ నొక్కి చూసింది. నేను వెళ్ళింది ఆ మోకాళ్ళ నొప్పి కోసమే. అప్పటికి నేను రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతి మేడ మీద ఉండేది. ఆ మెట్లెక్కి వెళ్ళాక, ఆయాసం తగ్గేదాకా బోర్డు మీద ఇండియా మ్యాపు గీస్తూ పిల్లలకు వీపు చూపించి నిలబడేదాన్ని. ఏ పాఠమైనా ముందు ఇండియా మ్యాపే. పిల్లలు పాపం, మొఘలుల పాలనకు హిమాలయాలెందుకని ఎప్పుడూ అడగలేదు.

"మాత్రలేమన్నా రాయండి డాక్టరుగారూ," అన్నాను.

"మాత్రలతో తగ్గేదయితే ముందు నేను మింగేదాన్ని," అంది ఆవిడ తన నడుం వైపు చూసుకుంటూ. "తెల్లారగట్టే లేచి నడువు. ఒళ్ళు అలవాటు పడ్డాక పరిగెత్తు. వేసవి సెలవల్లో మళ్ళీ కనపడు."

"పరిగెత్తడమేంటండీ, ఆడపిల్ల!" అంది మా అమ్మ.

"ఆడపిల్లకి మోకాళ్ళు ఉండవా అమ్మా?" అంది డాక్టరమ్మ, ఇంకొకరిని పిలవమని గంట నొక్కుతూ.

ఎనభైలు అయిపోవస్తున్న రోజులవి. రేపల్లె పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా అదే ఆలోచించాను. మా ఊళ్ళో ఆడమనిషి ఎప్పుడు పరిగెత్తుతుంది? బస్సు కదిలిపోతుంటే పరిగెత్తుతుంది. పిల్లవాడు పడ్డాడంటే పరిగెత్తుతుంది. ఆంబోతు వెంట పడితే పరిగెత్తుతుంది. ఇవేవీ లేకుండా ఊరికే పరిగెత్తే ఆడదాన్ని నేనప్పటికి చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఎంత తిన్నా ఒళ్ళు చేయని మనిషి. చెప్పిందంతా విని, "నువ్వా? పరుగా?" అని పడీపడీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ మాటలన్నీ వంటింటి గుమ్మంలో చేటలో బియ్యం ఏరుకుంటున్న మా అత్తగారి చెవిన పడ్డాయి. ఆవిడ తలెత్తకుండానే అంది.

"నవ్వింది చాల్లేరా. అమ్మాయ్, రేపట్నించే. నాలుగున్నరకి లేపుతా."

మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ రిటైరయ్యేదాకా మిషన్ బోర్డింగులో ఆడపిల్లలకు మేట్రన్‌గా చేసింది. సన్నగా, వెదురు బద్దలాగా ఉండేది. గంజిపెట్టిన తెల్ల చీర, నున్నగా దువ్వి బిగించిన ముడి. ఎన్నో ఏళ్ళపాటు ఎందరో ఆడపిల్లల్ని తెల్లారకుండానే నిద్ర లేపిన మనిషి. రిటైరయ్యాక లేపడానికి ఎవరూ లేక ఆవిడకు ఏమీ తోచేది కాదు. డాక్టరమ్మ నాకు మందు రాయలేదు గానీ, ఆవిడకు మళ్ళీ ఉద్యోగం ఇచ్చింది.

మొదటిరోజు తోడుగా మా ఆయన వచ్చాడు. నవ్వినందుకు పరిహారం అన్నమాట. కాలవ గట్టు మీద కరెంటు స్తంభం నుంచి పక్క స్తంభం దాకా పరిగెత్తుదామన్నాడు. పరిగెత్తాం. స్తంభం చేరేసరికి ఇద్దరం చెరోవైపు దాన్ని పట్టుకుని వేలాడుతున్నాం. నాకంటే ఆయనకే ఎక్కువ ఆయాసంగా ఉంది. ఆ సంగతి నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేను. రెండోరోజు ఆయన ముసుగు తీయలేదు. "పిల్లలు లేస్తే ఎవరు చూస్తారే? నేను పాలు కాస్తా, మీరెళ్ళండి," అన్నాడు దుప్పట్లోంచి. ఆ మాట మీద మాత్రం నిలబడ్డాడు. ఆ తర్వాత మేం రేపల్లెలో ఉన్నన్నాళ్ళూ పొద్దుటి పాలు, కాఫీ ఆయనవే.

ఇక నా వెంట మా అత్తగారు బయల్దేరింది. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో కుక్కల కోసం పొడుగాటి కర్ర. గుమ్మం దాటే ముందు ఇద్దరం నిలబడి ప్రార్థన చేసేవాళ్ళం. "ప్రభువా, ఈ పిల్ల మోకాళ్ళు కాపాడు, కాలవలో పడకుండా చూడు, నా కర్రకి పని పెట్టకు," అని ఆవిడ గబగబా చెప్పేసేది. ఆమెన్ అనేలోపే గేటు తీసేది.

ఆవిడ పరిగెత్తేది కాదు. నడిచేది. అయితే ఆ నడక నా పరుగుతో సమానం. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మా స్కూలు పిల్లలు డ్రిల్లుకి వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని ముందు ఆపసోపాలు పడుతుంటే, వెనకాల ఆవిడ చెప్పుల చప్పుడు టపటపా వినపడేది. ఆ బూట్లు కొనడానికి వెళ్ళినప్పుడు షాపతను మా అబ్బాయి కొలత అడిగాడు. నా కాలే చూపించి, "వాడి కాలూ నా కాలూ ఒకటే," అన్నాను. నాకున్నది ఇద్దరూ ఆడపిల్లలే.

"ఆగకు! ఆగావంటే ఒళ్ళు బిగుసుకుపోద్ది!" అని అరిచేది మా అత్తగారు వెనకనుంచి.

"అయ్యో అత్తయ్యా, నావల్ల కాదు!"

"ఎందుకు కాదు? పరిగెత్తు! ఆ స్తంభం దాకా పరిగెత్తావా సరే, లేకపోతే ఇయ్యాల ఇంటికి రానివ్వను!"

కర్ర నేలకేసి కొట్టేది. బోర్డింగు పిల్లల్ని అదిలించిన గొంతు కదా, తెల్లారగట్ట ఆ నీళ్ళ మీద చాలా దూరం పోయేది. నేను ఏడుపు గొంతుతో మళ్ళీ పరుగందుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఒక స్తంభం రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరం పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్యా కూరలో ఉప్పు సంగతీ పిల్లల జలుబు సంగతీ తప్ప వేరే మాట నడిచి ఎరగం. గట్టు మీద ఆవిడ బోర్డింగు కబుర్లు చెప్పేది. గోడ దూకి సినిమాకి వెళ్ళిన పిల్లల్ని గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎలా పట్టుకుందో చెప్పేది. పట్టుకున్నాక, ముందు సినిమా కథ చెప్పించుకుని, ఆ తర్వాత శిక్ష వేసేదట.

తిండి విషయంలోనూ ఆవిడదే పెత్తనం. నేను రెండోసారి అన్నం కోసం చెయ్యి చాపితే గిన్నె తన వైపు జరుపుకునేది. రొయ్యల వేపుడు చేసిన రోజున కూడా అంతే. తెనాలి నుంచి మా అమ్మ సున్నుండలు పంపితే, ఆవిడే డబ్బా మూత తీసి, తలా ఒకటి చుట్టుపక్కల పిల్లలకు పంచేసి, ఖాళీ డబ్బా కడిగి నాకిచ్చింది. ఆ రోజు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇలా జరుగుతుండగా స్కూల్లో ఏదో మారింది. నేను స్టాఫ్ రూములోకి వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని లెక్కల టీచరు ఒకరోజు నా పక్కకొచ్చి కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "అన్నీ మనసులో పెట్టుకోకమ్మా. మేమంతా లేమా," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. నాకు ఏమీ అర్థం కాలేదు. బహుశా నా మోకాళ్ళ గురించి అనుకుని, "పర్లేదండీ, ఇప్పుడు కాస్త అలవాటైపోయింది," అన్నాను. ఆవిడ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని బయటికెళ్ళిపోయింది.

అదే వారంలో గట్టు మీద రాయి తట్టుకుని బోర్లా పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. మా అత్తగారు పసుపు అద్ది గుడ్డ కట్టింది. ఆ కట్టుతోనే స్కూలుకి వెళ్ళాను. ఆ సాయంత్రమే మా సంఘం అయ్యగారు మా ఇంటికొచ్చారు.

మేం లూథరన్లం. అయ్యగారు అంటే మా పాస్టరుగారు. భారీ మనిషి, మంచి మనిషి. ఎవరింటికైనా వచ్చారంటే ముందు పిల్లల చదువులు అడిగి, కాఫీ తాగి, ఆ తర్వాత ప్రార్థన చేసి వెళ్ళేవారు. ఆ రోజు పిల్లల చదువులు అడగలేదు. వసారాలో కుర్చీ అంచున కూర్చుని మా అత్తగారిని ఎదురుగా కూర్చోమన్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. మా ఆయన లోపలి గదిలో పేపరు చదువుకుంటున్నాడు.

"అమ్మా, పెద్దదానివి, నీకు చెప్పేంతవాణ్ణి కాదు," అని మొదలుపెట్టారు అయ్యగారు. "ఇంటికొచ్చిన కోడలంటే కూతురితో సమానం."

"అంతేగదండీ మరి," అంది మా అత్తగారు.

"కొందరిళ్ళల్లో అట్టా చూసుకోవటంలా. వింటుంటే బాధేస్తంది."

"అయ్యో, ఎందుకు లేరండీ! కొంతమంది అత్తలున్నారు, రాక్షసులు. మీరు ఎవరింటి సంగతి చెబుతున్నారోగానీ, గట్టిగా బుద్ధి చెప్పండి అయ్యగారూ. మొహమాటపడొద్దు."

అయ్యగారు ఉత్తరీయం సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"మరి... ఆ కర్ర సంగతేంటమ్మా?"

"కర్రా? కర్ర లేకపోతే ఎట్టాగండీ? కర్ర నా చేతిలో లేకపోతే ఆ పిల్ల ఒక్క అడుగు వెయ్యదు."

"రోజూనా?"

"ఆదివారం తప్ప. ఆదివారం విశ్రాంతి దినం గదండీ."

లోపలి గదిలో పేపరు జారి కింద పడ్డ చప్పుడు వినపడింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలోకి వచ్చాను. అయ్యగారి చూపు నేరుగా నా మోచేతి కట్టు మీద ఆగింది. ఆయన మొహం వాడిపోయింది.

"తల్లీ, భయపడకుండా చెప్పు. ఆ దెబ్బ ఎట్టా తగిలింది?"

"పరిగెత్తుతూ పడ్డానండి."

"పరిగెత్తుతూ," అని ఆయన మెల్లగా మా అత్తగారి వైపు తిరిగారు.

"నేను చెబుతూనే ఉన్నానండీ, కిందకి చూసి పరిగెత్తవే అని," అంది మా అత్తగారు.

లోపల్నుంచి మా ఆయన బయటికొచ్చాడు. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని నిలబడ్డాడు. మాట రావడం లేదు. "అయ్యగారూ... వాళ్ళు... బరువు తగ్గడానికండీ..." అని అంతవరకు అనగలిగాడు. మిగతాది నేను చెప్పాను. తెనాలి డాక్టరమ్మ సంగతీ, మోకాళ్ళ సంగతీ, కుక్కల సంగతీ అన్నీ చెప్పాను. అప్పుడు అయ్యగారు చెప్పారు ఊళ్ళో ఏమనుకుంటున్నారో. తెల్లారగట్ట పొలాలకు పోయేవాళ్ళు, పాలు పోసేవాళ్ళు గట్టు మీద మమ్మల్ని చూశారట. ముందు ఒక లావుపాటి టీచరమ్మ ఏడుస్తూ పరిగెత్తుతోంది, వెనకాల ముసలమ్మ కర్ర పట్టుకుని "ఇంటికి రానివ్వను" అని అరుస్తూ తరుముతోంది. రోజూ ఇదే తంతు. మా అత్తగారు కోడల్ని తెల్లారకముందే ఇంట్లోంచి వెళ్ళగొడుతోందని ఊరంతా అనుకుంటోందట. అదీ సంగతి.

మా అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను భయపడ్డాను. పరువు గల మనిషి, ఇక రేపట్నించి గట్టు మీదికి రాదేమో అనుకున్నాను. ఆవిడ ముందు నా కట్టు వైపు, తర్వాత మూలన ఆనించిన కర్ర వైపు చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. ముడి ఊడిపోయింది. అయ్యగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, మళ్ళీ తుడుచుకుంటూ కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది. ప్రార్థన చేయబోతే మధ్యలో మా ఆయన కిసుక్కుమన్నాడు. అయ్యగారు అలాగే ఆమెన్ అనేసి లేచారు.

ఆ ఆదివారం గుడిలో ప్రకటనలు చదివేటప్పుడు, స్త్రీల సమాజం కూడిక, క్వయిర్ ప్రాక్టీసు టైములూ అయ్యాక, అయ్యగారు కళ్ళజోడు తీసి అన్నారు.

"ఇంకొక్క మాట. తెల్లారగట్ట కాలవ గట్టు మీద మన సంఘస్థురాలు ఒకామె పరిగెత్తుతోంది. ఆరోగ్యం కోసం పరిగెత్తుతోంది. ఆమెని ఎవరూ తరమటంలేదు."

గుడి గుడంతా గొల్లుమంది. నేను తలవంచుకున్నాను. మా అత్తగారు మాత్రం మొదటి వరసలో నిటారుగా కూర్చుని, మెడ తిప్పి అందరినీ ఒకసారి చూసింది.

దాంతో పుకారు ఆగిపోయింది. ఆ సోమవారమే మేం గేటు తీసేసరికి బయట పాస్టరుగారి భార్య నిలబడి ఉంది. అమ్మగారు అని పిలిచేవాళ్ళం ఆవిడని. "నాకూ షుగరొచ్చింది, నేనూ వస్తా," అంది. కొన్నాళ్ళకు పక్కవీధి పూజారిగారి భార్య చేరింది. ఆవిడ తలస్నానం చేసి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చేది. ఆయన గుడికి వెళ్ళేలోపు ఇంటికెళ్ళి ప్రసాదం వండాలి కనుక అందరికంటే గట్టిగా పరిగెత్తేది ఆవిడే. మా అత్తగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి, ఆఖర్న తను కూడా ఆమెన్ అనేది. "మోకాళ్ళకి అందరు దేవుళ్ళూ కావాలి టీచరుగారూ," అనేది నాతో. లెక్కల టీచరు కూడా వచ్చింది. వచ్చిన మొదటిరోజే నా దగ్గర వంగి, "ఆ రోజు నేను ఇంటికెళ్ళి కూడా ఏడ్చానమ్మా. నాకు ఆ కన్నీళ్ళు తిరిగిచ్చెయ్," అని నవ్వింది.

అందరం చీరల్లోనే పరిగెత్తేవాళ్ళం. నాకు మాత్రం పంజాబీ డ్రెస్సు కుట్టించుకోవాలని కోరికగా ఉండేది. అప్పట్లో పెళ్ళయిన పంతులమ్మ పంజాబీ డ్రెస్సు వేసుకోవడమంటే మాటలు కాదు. మా అత్తగారిని అడగడానికి చాలా రోజులు వెనకాడాను. చివరికి అడిగితే, "నీకెందుకు ఇంత ఆలస్యంగా తట్టింది? చీర తట్టుకునేగా మొన్న పడింది," అంది.

"రాయి తట్టుకున్నా అత్తయ్యా."

"రాయి కనపడకుండా చీర అడ్డమొచ్చింది."

బంధువుల పెళ్ళికి చీరాల వెళ్ళినప్పుడు ఆవిడే ముదురు నీలం గుడ్డ ఎంచి తెచ్చింది. మా వీధి టైలరు కొలతలు తీసుకుంటూ ఎవరికని అడగలేదు. ఊరందరికీ తెలిసిన విషయమే. "పరిగెత్తడానికి కాబట్టి కాస్త వదులుగా పెడతానండి. మళ్ళీ తగ్గాక లోపలికి కుట్టేద్దాం," అన్నాడు. తగ్గాక అన్న ఆ మాట నాకు ఎంతో బాగుంది. అతను చెప్పినట్టే రెండుసార్లు లోపలికి కుట్టాడు.

వేసవి సెలవల్లో తెనాలి వెళ్ళాను. స్టేషనుకొచ్చిన మా నాన్న నన్ను దాటి నాలుగడుగులు ముందుకెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. మా అమ్మ మాత్రం గుమ్మంలోనే బుగ్గలు నొక్కుకుంది. "చిక్కిపోయావే! మీ అత్తగారు అన్నం పెట్టటంలేదా?" అంది. నాకు మళ్ళీ అయ్యగారు గుర్తొచ్చి నవ్వాగలేదు. డాక్టరమ్మ నన్ను మిషను ఎక్కించి, ముల్లు చూసి, దిగమని, మళ్ళీ ఎక్కమంది. నమ్మకం కుదరక మిషను కింద కాలితో తన్ని చూసింది.

"ఏం చేశావు?" అంది.

"పరిగెత్తానండి."

"నిజంగానే పరిగెత్తావా?" అంది ఆవిడ ఆశ్చర్యంగా. "నేను అందరికీ చెబుతానమ్మా. ఎవరూ చెయ్యరు." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఏ టైముకి లేస్తావు?" అని అడిగింది.

తొంభైల మొదట్లో మా ఆయనకు బాపట్ల బదిలీ అయింది. కొన్నాళ్ళకు నాకూ అక్కడి స్కూలుకి వేశారు. రేపల్లె వదిలేటప్పుడు గట్టు మీది ఆడవాళ్ళంతా స్టేషనుకొచ్చారు. పూజారిగారి భార్య పులిహోర పొట్లం కట్టి ఇచ్చి, "పరుగు మానకండి, మానితే నాకు తెలిసిపోద్ది," అని బెదిరించింది.

బాపట్లలో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. కాలవ గట్టు లాంటి చోటు వెతుక్కోవడానికి కొన్నాళ్ళు పట్టింది. కాలేజీల వైపు విశాలమైన రోడ్లలో పరిగెత్తేదాన్ని. శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక మాత్రం నేనూ మా అత్తగారూ సముద్రం ఒడ్డున ఉన్న సూర్యలంకకి బస్సెక్కేవాళ్ళం. మొదటిసారి వెళ్ళినప్పుడు పొడి ఇసకలో కాళ్ళు దిగబడి నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయాను. నీళ్ళ అంచుకి దిగాక తడి ఇసక గట్టిగా, చల్లగా కాళ్ళకు తగిలింది. ఎదురుగా స్తంభం లేదు, మలుపు లేదు. పరిగెత్తుతూ పోవడమే. అంత హాయి నేనెప్పుడూ ఎరగను.

వలలు బాగుచేసుకుంటున్న ఒకామె మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"ఏం పోయిందమ్మా, అట్టా పరిగెత్తుతున్నారు?" అని కేకేసింది.

"కొవ్వు పోయిందమ్మా! ఇంకా కాస్త మిగిలింది, అదీ పోద్ది!" అని అరిచింది మా అత్తగారు వెనకనుంచి.

ఒక శనివారం నేను దూరం వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఆవిడ చెప్పులు విడిచి, నీళ్ళ అంచున నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటోంది. ఆవిడ అలా చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్, ఇవి పట్టుకో," అని కర్రా, చెప్పులూ నా చేతికిచ్చింది. "ఎవరన్నా చూస్తన్నారా?"

వలల దగ్గర జనమంతా చూస్తూనే ఉన్నారు. "ఎవరూ చూడట్లేదు అత్తయ్యా," అన్నాను.

ఆవిడ పరిగెత్తింది. ఏదో ముసలమ్మ సరదాకి వేసే నాలుగడుగులు అనుకున్నాను. కాదు. తల నిటారుగా, చేతులు ఒంటికి దగ్గరగా, మడమలు వెనక్కి ఎగురుతూ చక్కగా పరిగెత్తుతోంది. పరుగంటే ఎలా ఉండాలో ఆ కాళ్ళకు ఎప్పుడో తెలుసు. నేను కర్రా చెప్పులూ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చాలాదూరం వెళ్ళి, తిరిగి నా వైపు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒళ్ళంతా చెమట. రొప్పుతూ ఇసకలో కూలబడి నవ్వింది.

"అత్తయ్యా, మీకు పరుగొచ్చా?"

"రాకేం. చిన్నప్పుడు బోర్డింగులో చదివేటప్పుడు రోజూ సాయంత్రం పరిగెత్తేవాళ్ళం. నన్ను ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్ళు. పెద్దమనిషినయ్యాక చాలన్నారు. తర్వాత పెళ్ళి, పిల్లాడు. మేట్రన్నయ్యాక పిల్లల్ని పరిగెత్తించటమే పని. గంజిచీర కట్టుకుని గ్రౌండు పక్కన నిలబడి అరిచేదాన్ని."

"మరి రేపల్లెలో ఎందుకు పరిగెత్తలేదు? ఇన్నాళ్ళూ వెనకాల నడిచారే!"

"నన్నెవరూ పరిగెత్తమని అనలేదు గదే," అంది ఆవిడ మామూలుగా. పాదాలకు అంటిన ఇసక దులుపుకుంటూ, "సోమవారం నించి ఇద్దరం పరిగెత్తుదాం. కర్ర ఇంట్లో పారెయ్," అంది.

నేను ఆవిడ చెప్పులు తీసుకెళ్ళి నీళ్ళలో కడిగి తెచ్చాను.

ఆ ఏడు క్రిస్మస్ అయ్యాక బాపట్ల సంఘమంతా సూర్యలంకకు పిక్నిక్ వెళ్ళింది. పెద్ద గుండిగల్లో బిర్యానీ వండుతున్నారు. మగవాళ్ళకు తాడు లాగే పోటీ, పిల్లలకు చెంచాలో నిమ్మకాయ పరుగు అయ్యాయి. ఆడవాళ్ళ పరుగు పందానికి పేర్లు ఇవ్వమన్నారు. నేను ఇచ్చాను. నా వెనక మా అత్తగారు కూడా వచ్చి నిలబడింది. పోటీలు జరిపిస్తున్న యువకుడు మర్యాదగా అన్నాడు.

"మామ్మగారూ, పెద్దవాళ్ళకి కుర్చీలాట ఉందండి, దీని తర్వాత."

"నేను కూర్చోటానికి రాలేదు నాయనా. పేరు రాసుకో."

అందరూ చప్పట్లు కొట్టారు. ముసలావిడ ముచ్చట అనుకున్నారు. గీత దగ్గర మా ఇద్దరితోపాటు కొత్తగా పెళ్ళయిన పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఆస్పత్రిలో పనిచేసే ఒక కుర్ర నర్సు నిలబడ్డారు. రుమాలు ఊపగానే పరిగెత్తాం. మొదట్లో నేనూ నర్సమ్మా సమానంగా ఉన్నాం. సగం దూరంలో నా పక్కనుంచి ఒక తెల్ల చీర రివ్వున పోయింది. చప్పట్లు ఆగిపోయాయి. మరుక్షణం జనం అరవడం మొదలుపెట్టారు. మా ఆయన గొంతు అన్నిటికంటే పైకి వినిపించింది. "అమ్మా, పరిగెత్తమ్మా! పరిగెత్తు!" అని చిన్నపిల్లవాడిలా గంతులేస్తున్నాడు. మా పిల్లలిద్దరూ గీత దాటి లోపలికి వచ్చేశారు. నేను పరిగెత్తుతున్నానన్న సంగతి మరిచిపోయి నేనూ అరిచాను.

నర్సమ్మే గెలిచింది. మా అత్తగారు ఆ అమ్మాయి భుజానికి భుజం దాకా వచ్చి, రెండోది అయింది. నేను మూడు. యువకుడు వచ్చి మామ్మగారి కాళ్ళకు దండం పెట్టాడు. నర్సమ్మ అయితే తన మొదటి బహుమతి స్టీలు డబ్బా ఆవిడకే ఇవ్వబోయింది.

"ఎందుకమ్మా? గెల్చింది నువ్వు. దాచుకో," అంది మా అత్తగారు, ఊపిరి కూడదీసుకుంటూ. "ఇంకాస్త దూరముంటే నిన్ను దాటేదాన్ని. మళ్ళీ ఏడాది దూరం పెంచమను."

ఆవిడకు పచ్చ ప్లాస్టిక్ సబ్బుపెట్టె వచ్చింది. నాకు దువ్వెన. ఇద్దరం సముద్రంలోకి మోకాళ్ళ దాకా దిగి ముఖాలు కడుక్కున్నాం. అల వచ్చినప్పుడల్లా ఆవిడ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నవ్వేది. బిర్యానీ వడ్డించే వేళకు మా పంక్తిలో అందరూ ఆవిడ చుట్టూ మూగి, ఎలా పరిగెత్తాలి, ఎప్పుడు లేవాలి, బూట్లు ఎక్కడ దొరుకుతాయి అని అడగడం మొదలుపెట్టారు. ఆవిడ వాళ్ళకు జవాబులు చెబుతూనే నా విస్తరి వైపు చూసింది. అన్నం అయిపోయింది. వడ్డించే అతన్ని కేకేసి పిలిచింది.

"అబ్బాయ్, మా కోడలికి ఇంకాస్త పెట్టు. ముక్కలెయ్యి. ఇయ్యాల బాగా పరిగెత్తింది."